ఏడు పాకెట్ల చక్రం, ఒక్క రంధ్రం తేడా

ఇవాళ ముందు ఈ రెండు చక్రాలు చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నా. రెండూ తెల్ల డెల్రిన్. రెండూ 120 మిల్లీమీటర్లు. రెండిటికీ అంచు చుట్టూ ఏడు పాకెట్లు, అంటే సీసా వచ్చి కూర్చునే అర్ధచంద్రాలు. పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి కదా? ఎడమ చేతిలో ఉన్నది పనికొచ్చేది. కుడి చేతిలోది నేను పాడు చేసింది. పాడు చేయడమే కాదు, ఆ పాడు చేసే పద్ధతినే ఒక షార్ట్‌లో మీకు నేర్పించాను కూడా. ఆ షార్ట్ తీసేశాను. తీసేస్తే సరిపోదు, చూసినవాళ్లు చూసేశారు. అందుకే ఈ ఎపిసోడ్.

ఇది స్టార్ వీల్. చిన్న ఫిల్లింగ్ మెషీన్లలో ఉంటుంది. కన్వేయర్ మీద సీసాలు వరసగా వస్తాయి, ఈ చక్రం ఒక్కో పాకెట్‌లో ఒక్కో సీసాను పట్టుకుని ఏడో వంతు తిరిగి ఆగుతుంది. ఆగినచోట పైనుంచి నాజిల్ నూనె పోస్తుంది, ఆ తర్వాతి చోట ఇంకో హెడ్ మూత బిగిస్తుంది. తిరగడం, ఆగడం, తిరగడం, ఆగడం. సీసా ఆగే చోటు ప్రతిసారీ ఒకటే కావాలి.

ఒక అక్క తలకి రాసుకునే మూలికల నూనె తయారుచేస్తుంది. రెండు గదులు, ఇద్దరు పనివాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న మెషీన్. దాని స్టార్ వీల్ పగిలింది. అమ్మినవాళ్ల దగ్గర స్పేర్ లేదు. బాలానగర్‌లో నేను పని నేర్చుకుంటున్న షెడ్డుకి పగిలిన ముక్కలు కవర్‌లో వేసుకుని వచ్చింది. మా ఉస్తాద్ ఆ రోజు లేడు. నేనున్నా, కెమెరా ఉంది, రోటరీ టేబుల్ ఉంది. "అక్కా, నేను చేసిస్తా" అన్నాను.

రోటరీ టేబుల్ ఎందుకో కొత్తవాళ్లకి ఒక్క మాటలో చెప్తా. మిల్లింగ్ మెషీన్‌లో కట్టర్ ఒకచోటే తిరుగుతుంది, కింద బెడ్ జరుగుతుంది. ఎటు? ఇటు అటు, ముందుకి వెనక్కి. అన్నీ సూటి గీతలే. గుండ్రంగా ఏదైనా కోయాలన్నా, ఒక వలయాన్ని సమాన భాగాలు చేయాలన్నా బెడ్‌కి ఆ విద్య రాదు. అందుకని బెడ్ మీద తిరిగే పీట ఒకటి బిగిస్తాం. లోపల ఒక వర్మ్, అంటే మరలాంటి గేరు. దానికి పట్టుకుని ఒక పళ్ల చక్రం. మా దాంట్లో 90కి 1. హ్యాండిల్ 90 సార్లు తిప్పితే పీట ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే హ్యాండిల్ ఒక చుట్టుకి పీట 4 డిగ్రీలు. మీ షెడ్డులో ఉన్నది 40కి 1, 72కి 1 కూడా కావచ్చు. టేబుల్ మీద రాసి ఉంటుంది. లేకపోతే పీట సున్నా దగ్గర పెట్టి హ్యాండిల్ తిప్పుతూ లెక్కపెట్టండి. ఊహించొద్దు.

సెట్టింగ్‌కి వద్దాం. నాకు మొదట్లో బుర్ర తిరిగింది ఇక్కడే. మూడు కేంద్రాలున్నాయి. స్పిండిల్ కేంద్రం, పీట కేంద్రం, జాబ్ కేంద్రం. మూడూ ఒకే నిలువు గీత మీదికి రావాలి. వాటిని కలపడానికి రెండు మెట్లు. రెండు మెట్లలోనూ డయల్ గేజే వాడతాం, అందుకే కలగాపులగం అవుతుంది.

మొదటి మెట్టుకి ముందు శుభ్రం. బెడ్ తుడవండి, టేబుల్ అడుగు తుడవండి, చేత్తో తడిమి చూడండి. ఒక్క చిప్పు ఇరుక్కుంటే పీట వాలిపోతుంది, ఆ తర్వాత మీరెంత డయల్ పట్టినా దండగ. టేబుల్ చూడ్డానికి చిన్నదే, ఎత్తితే నడుముకి తెలుస్తుంది, ఇంకొకర్ని పిలవండి. టీ బోల్టులతో బెడ్‌కి బిగించండి.

ఇప్పుడు మెయిన్ ఆఫ్ చేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, లీవర్ డయల్‌ని స్పిండిల్‌కి పట్టించండి. కొన్ని షాపుల్లో దీన్నే పుపిటాస్ట్ అంటారు. దాని ముల్లు పీట మధ్యలో ఉన్న బోరు గోడకి తగలాలి. తర్వాత స్పిండిల్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. గుర్తుపెట్టుకోండి, ఈ మెట్టులో తిరిగేది స్పిండిల్, పీట కదలదు. ఎడమవైపు రీడింగ్ సున్నా, కుడివైపు 0.40 వచ్చిందనుకోండి. అంటే కేంద్రం 0.20 పక్కకుంది. తేడాలో సగమే జరపాలి. నేను మొదటిసారి మొత్తం 0.40 జరిపి, మళ్లీ అటు 0.40 వస్తే మళ్లీ ఇటు జరిపి, పది నిమిషాలు ఉయ్యాల ఊగాను. ఇటు అటు అయ్యాక ముందు వెనక కూడా ఇదే. చుట్టూ తిప్పినా ముల్లు ఒకే గీత దగ్గర నిలబడితే అయిపోయినట్టు. అప్పుడు రెండు హ్యాండిళ్ల దగ్గరా సున్నా పెట్టుకోండి.

ఆ సున్నా దగ్గర ఒక కిటుకు. మా మెషీన్‌కి డీఆర్వో లేదు, పాత బండి. స్క్రూలో ప్లే ఉంటుంది. సున్నాకి కుడివైపు నుంచి వచ్చి ఆగానంటే, తర్వాత ఏ కొలతకైనా కుడివైపు నుంచే రావాలి. నా జాబ్‌కి కట్టర్ కేంద్రం 60 దగ్గర ఆగాలి. స్క్రూ పిచ్ 5 మిల్లీమీటర్లు కాబట్టి 12 చుట్లు. కానీ 12 చుట్లు తిప్పి ఆపేస్తే తప్పు. 60 దాటి బయటికి పోయి, వెనక్కి తిరిగి అదే వైపు నుంచి 60కి రావాలి. పాకెట్ ఎలాగూ బయటి నుంచి లోపలికే కోస్తాం కాబట్టి కలిసొచ్చింది.

రెండో మెట్టు. జాబ్‌ని పీట మీద పెట్టాలి. కింద ఒక పాత అల్యూమినియం పలక వేయండి, లేకపోతే కట్టర్ పీటని కొరుకుతుంది. చాలా షెడ్డుల్లో రోటరీ టేబుళ్ల మీద అర్ధచంద్రాల మచ్చలుంటాయి, అవన్నీ ఎవరో ఒకరు పలక మర్చిపోయిన గుర్తులే. జాబ్‌ని మధ్యలో బోల్టుతో సగం బిగువుగా పట్టించండి. ఇప్పుడు డయల్ స్పిండిల్‌కే ఉంటుంది గానీ స్పిండిల్ తిరగదు. ముల్లు జాబ్ అంచుకి తగిలించి, వర్మ్‌ని పక్కకి తప్పించే లీవర్ తీసి, పీటని చేత్తో తిప్పండి. ముల్లు కదిలితే జాబ్‌ని మెత్తటి సుత్తితో తట్టి జరపండి. బెడ్ హ్యాండిళ్ల జోలికి అస్సలు పోవద్దు. పోయారా, మొదటి మెట్టు పోయినట్టే. స్పిండిల్ తిరిగితే బెడ్ జరుపు, పీట తిరిగితే జాబ్ జరుపు. నేనిది మెషీన్ మీద మార్కర్‌తో రాసుకున్నాను. ఉస్తాద్ చూసి నవ్వాడు, చెరపలేదు.

ఆయనకి ఈ రెండో మెట్టే అక్కర్లేదు. లేత్ మీద ఒక మెట్ల గూటం తిప్పుకుంటాడు. కింది భాగం పీట బోరులో బిగుతుగా కూర్చుంటుంది, పై భాగం జాబ్ బోరులో. జాబ్ పెడితే దానంతటదే మధ్యలో ఉంటుంది. ఒకే రకం ముక్కలు పది చేయాలంటే అదే మేలు. ఒక్క ముక్కకి డయల్ చాలు.

ఇక లెక్క. నా కథ చెడింది ఇక్కడే. 360ని 7తో భాగిస్తే 51.428571... ఆగదు. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో చెప్పాలంటే 51 డిగ్రీల 25 నిమిషాల 43 సెకన్లు, కొంచెం తక్కువ. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, దశాంశాలు చూస్తే భయం. గుండ్రం చేస్తే ఏడు సార్లకి ఎంత పోగవుతుందో అని కోడ్ రాసి, పట్టిక ప్రింట్ తీసి మరీ గోడకి అంటించాను. తర్వాత నింపాదిగా లెక్క వేస్తే, ఆ తేడా ఏడు సార్లు కలిపి ఒక్క సెకను. 60 మిల్లీమీటర్ల దూరంలో ఒక సెకను కోణం అంటే 0.0003 మిల్లీమీటర్లు. మన టేబుల్ వెర్నియర్‌లో 10 సెకన్ల గీత ఉంది, అది కూడా 0.003 మిల్లీమీటర్లే. ప్లాస్టిక్ చక్రానికి అది దుమ్ముతో సమానం. కేవలం డిగ్రీల స్కేలు చూసుకుంటూ చేసినా అక్క పని అయిపోయేది.

కానీ నేను వినలేదు. దశాంశం లేకుండా పక్కాగా రావాలని ఇండెక్స్ ప్లేట్ పెట్టాను. హ్యాండిల్ వెనక బిగించే గుండ్రటి పలక, దాని మీద వలయాలుగా రంధ్రాలు. ఒక వలయంలో 15, ఒకదాంట్లో 16, ఇలా. హ్యాండిల్‌కి ఉన్న పిన్ను ఆ రంధ్రాల్లో దిగుతుంది. 90ని 7తో భాగిస్తే 12 చుట్లు, ఇంకా ఏడింట ఆరు వంతులు. 21 రంధ్రాల వలయం తీసుకుంటే ఏడింట ఆరు అంటే 21కి 18. కాబట్టి ప్రతి పాకెట్‌కీ 12 పూర్తి చుట్లు, ఆపైన 18 రంధ్రాలు. అంకెల్లో అతి శుభ్రమైన లెక్క. గర్వపడ్డాను కూడా.

షార్ట్‌లో నేను వేలు పెట్టి చూపించాను, "ఒకటి, రెండు, మూడు..." అంటూ. ఆ "ఒకటి" అన్నప్పుడు నా వేలు ఎక్కడుందంటే, పిన్ను అప్పటికే దిగి ఉన్న రంధ్రం మీద.

అర్థమైంది కదా. డాక్టర్ ఐదు రోజులు మందు వేసుకోమంటే ఇంట్లో అమ్మ అడుగుతుంది చూడండి, "ఇవాళ్టితో కలిపా, వదిలేసా?" అని. ఆ ప్రశ్న నేను అడుక్కోలేదు. మనం లెక్కపెట్టాల్సింది రంధ్రాల్ని కాదు, రంధ్రాల మధ్య అంగల్ని. పిన్ను ఉన్నది సున్నా. దాని పక్కది ఒకటి. నేను 18 అని చెప్పి వేసినవి 17 అంగలు. కోడ్‌లో ఈ తప్పు ఎన్నిసార్లు చేశానో, ఎన్నిసార్లు వేరేవాళ్లది పట్టుకున్నానో. లూప్ సున్నా నుంచా ఒకటి నుంచా అన్న గొడవే ఇది. అక్కడైతే టెస్ట్ ఫెయిలవుతుంది, ఎర్రగా వస్తుంది. ఇక్కడ చక్రం చక్కగా తెల్లగా వచ్చింది. ఏడు పాకెట్లు, నున్నగా. వీడియో తీశాను, సంగీతం కూడా వేశాను.

రెండో రోజు పొద్దున అక్క ఫోన్. "తమ్ముడూ, మొదటి నాలుగు సీసాలు బాగానే పడుతున్నయి. తర్వాత మూడిటికి మూత వంకరగా ఎక్కుతోంది. మళ్లీ నాలుగు మంచివి, మళ్లీ మూడు వంకర." నేను మూతలు బాలేవేమో అన్నాను. నిజంగా అన్నాను, సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఆమె వేరే మూతలు తెప్పించుకుని చూసింది. మళ్లీ నాలుగు, మూడు. ఆ పూటంతా పోయింది, నూనె ఒలికింది, ఇద్దరు పనివాళ్లు ఖాళీగా కూర్చున్నారు. సాయంత్రం చక్రం పట్టుకుని తనే వచ్చింది. "మీకు ఇది వీడియో తమ్ముడూ. నాకు రేపు సరుకు ఎక్కాలి" అంది. అరవలేదు. అరిస్తే బాగుండు అనిపించింది.

ఉస్తాద్ అప్పుడు షెడ్డులోనే ఉన్నాడు. చక్రం తీసుకున్నాడు, వెర్నియర్‌తో పాకెట్ నుంచి పాకెట్‌కి కొలుచుకుంటూ పోయాడు. ఆరు గ్యాపులు ఒకటే. ఏడోది, అంటే ఆఖరి పాకెట్‌కీ మొదటిదానికీ మధ్యది, దాదాపు 1.25 మిల్లీమీటర్లు ఎక్కువ. నా వైపు చూసి, "పిన్ను ఉన్న బొక్కను గూడ లెక్కవెట్టినవా తమ్మీ?" అన్నాడు. అంతే. ప్లేట్ చూడలేదు, నా పట్టిక చూడలేదు.

అక్క చెప్పిన నాలుగు, మూడు లెక్క ఎందుకో నాకు తర్వాత తెలిసింది. ఒక రంధ్రం తక్కువంటే హ్యాండిల్ చుట్టులో 21వ వంతు తక్కువ, పీట మీద 0.19 డిగ్రీలు. 60 మిల్లీమీటర్ల దగ్గర అది 0.2 మిల్లీమీటర్లు. రెండో పాకెట్ 0.2 తప్పింది, మూడోది 0.4, నాలుగోది 0.6, అలా ఏడోది 1.2. సీసా 24, పాకెట్ 25, ఒక మిల్లీమీటర్ వదులుంది కాబట్టి మొదట్లో సర్దుకుపోయింది, ఐదో దానికి మూత హెడ్ ఇక ఒప్పుకోలేదు. మెషీన్ నాకు తప్పు ఎక్కడుందో పొద్దుటే చెప్పింది. నేను మూతలన్నాను.

ఆ రాత్రి మళ్లీ చేశాం. ఈసారి ఉస్తాద్ చెప్పింది చెప్పినట్టు. మీరు కూడా కోసే ముందు ఇది చేయండి. పిన్ను ఉన్న మొదటి రంధ్రానికి మార్కర్‌తో చుక్క పెట్టండి. ప్లేట్ మీద కత్తెర ఆకుల్లా రెండు చేతులుంటాయి, సెక్టార్ ఆర్మ్స్. ఒకదాన్ని పిన్నుకి ఆనించి, పిన్ను రంధ్రాన్ని వదిలేసి 18 లెక్కపెట్టి, రెండోదాన్ని ఆ పద్దెనిమిదో రంధ్రం అవతల పెట్టి బిగించండి. మధ్యలో కనిపించేవి 19 రంధ్రాలు ఉండాలి. ఇక కట్టర్ తిప్పకుండా, ఉత్తినే ఏడు అడుగులూ వేయండి. 12 చుట్లు, 18 రంధ్రాలు; ఆర్మ్స్‌ని పిన్ను దగ్గరికి జరుపు; మళ్లీ. ఏడోసారికి హ్యాండిల్ సరిగ్గా 90 చుట్లు తిరిగి, పిన్ను ఆ చుక్క పెట్టిన రంధ్రంలోనే దిగాలి. నా తప్పు పద్ధతిలో ఏడు రంధ్రాల ముందే ఆగిపోయేది, చుట్టులో మూడో వంతు తక్కువ. గుడ్డివాడికి కూడా కనిపించేంత తేడా. ఐదు నిమిషాల పని. కెమెరాకి బాగుండదని నేను వదిలేసిన ఐదు నిమిషాలు.

కోసేటప్పుడు ఇంకో రెండు. వర్మ్‌లో కూడా ప్లే ఉంటుంది, కాబట్టి హ్యాండిల్ ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. ఒక రంధ్రం దాటిపోయారనుకోండి, ఆ ఒక్కటే వెనక్కి తేవద్దు. సగం చుట్టు వెనక్కిపోయి మళ్లీ ముందుకి రండి. రెండోది లాకు. ప్రతి పాకెట్‌కి ముందు పీట లాక్ బిగించాలి, తిప్పే ముందు వదలాలి. లాక్ మర్చిపోతే కట్టర్ ఆ ప్లే ఉన్నంత మేర పీటని లాగేసుకుంటుంది. లాక్ వదలడం మర్చిపోయి బలంగా తిప్పితే వర్మ్ అరుగుతుంది. నేను ప్రతిసారీ పైకి అంటాను, "లాక్, కోత, వదులు, తిప్పు". పిచ్చివాడిలా ఉంటుంది, పర్లేదు.

డెల్రిన్ మెత్తన, పదునైన 25 ఎండ్ మిల్‌తో ఒక్కో పాకెట్ ఒకే కోతలో పోయింది. ఏడూ అయ్యాక ఎనిమిదోసారి కూడా తిప్పి, మెషీన్ ఆన్ చేసి కట్టర్‌ని మొదటి పాకెట్‌లోకి పంపాం. గీతైనా పడలేదు, ఖాళీలో తిరిగింది. ఆ శబ్దం లేకపోవడం ఉంది చూడండి, ఆ రోజుకి అదే సంగీతం.

స్టార్ వీల్ చుట్టూ సీసాలు బయటికి పడిపోకుండా ఒక వంపు గైడ్ ఉంటుంది. అక్కది అది కూడా అరిగింది, చేయమంది. అదీ రోటరీ టేబుల్ మీదే. అయితే ఇక్కడ ఆగి ఆగి కోయడం కాదు, కట్టర్ తిరుగుతుండగానే పీటని మెల్లగా తిప్పుతూ వంపు కోయాలి. అప్పుడు ఎటు తిప్పాలి అన్నది ముఖ్యం. పైనుంచి చూస్తే కట్టర్ గడియారం ముల్లులా తిరుగుతుంది. బయటి అంచు గుండ్రంగా కోయాలంటే పీట కూడా గడియారం వైపే తిరగాలి. రెండూ ఒకే వైపు అయితే కట్టర్ లాగేసుకోదా అని నాకు డౌట్ వచ్చింది. కాగితం మీద రెండు వలయాలు పక్కపక్కన గీసి బాణాలు వేయండి, తగిలే చోట అవి ఎదురెదురుగా ఉంటాయి. ఎదురుగా ఉంటేనే జాబ్‌ని కట్టర్ గుంజదు. లోపలి వంపు కోసేటప్పుడు ఇది తిరగబడుతుంది, పీట గడియారానికి ఎదురు వైపు తిరగాలి. గైడ్‌ది లోపలి వంపు. ఈసారి నేను కాగితం మీద గీసుకున్నాకే హ్యాండిల్ పట్టుకున్నాను.

మెటీరియల్ డబ్బులు నేనే పెట్టుకున్నాను, రెండో చక్రానికి కూలి తీసుకోలేదు. ఆమెకి పోయిన పూట అందులో రాదు, అది నాకూ తెలుసు. పొద్దున ఆరింటికి వెళ్లి బిగించాను. కెమెరా తీసుకెళ్లలేదు, అందుకే ఆ సీన్ మీకు చూపించలేను. అక్క మెషీన్ ఆన్ చేసి, ఏడు సీసాలు లెక్కపెట్టింది. ఎనిమిదోది కూడా చూసింది. పద్నాలుగు అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, గైడ్ ఎప్పుడిస్తవ్?" అంది.

గైడ్ ఈ వారం ఇచ్చేస్తున్నా. పాత షార్ట్ చూసి ఎవరైనా ఇప్పటికే కోసి ఉంటే, ఆఖరి గ్యాప్ ఒక్కటి వెర్నియర్‌తో కొలిచి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే టేబుల్‌ని నిలువుగా నిలబెట్టి, అటువైపు టెయిల్ స్టాక్ పెట్టి, చిన్న గేర్ పళ్లు కోద్దాం. ఉస్తాద్ కెమెరా ముందుకి రానన్నాడు, చేతులు మాత్రం చూపిస్తానన్నాడు. ఉంటాను.